బికాజ్ ఆఫ్, డ్యూ టు, ఓయింగ్ టు: కారణం చెప్పడం ఏ ఉచిత డిక్షనరీ సరిగ్గా నేర్పుతోంది?

ఇంగ్లిష్ డిక్షనరీ ఎంత మంచిదో తేల్చుకోవడానికి అరుదైన పదాలు వెతకనక్కర్లేదు. "బికాజ్ ఆఫ్", "డ్యూ టు", "ఓయింగ్ టు", "థ్యాంక్స్ టు" అనే నాలుగు మాటలు కొట్టి చూస్తే చాలు. నాలుగింటికీ "వల్ల" అని చెప్పి వదిలేస్తే అది మనకి పనికిరాదు, ఆ సంగతి మనకి ముందే తెలుసు కాబట్టి. తెలియాల్సినవి వేరే ఉన్నాయి. ఆ మాట తర్వాత పూర్తి వాక్యం రావాలా, వట్టి నామవాచకం రావాలా? వాక్యం మొదట్లో పెట్టొచ్చా? ఆఫీసు మెయిల్‌కి నప్పుతుందా, నోటిమాటకేనా? మంచి జరిగితే వాడతారా, చెడు జరిగితేనా? ఇంటర్నెట్‌లో డబ్బు కట్టకుండా దొరికే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, కాలిన్స్, మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీలను ఈ ప్రశ్నలతోనే ఇక్కడ పరీక్షిస్తున్నాం. చివర్లో తెలుగు అర్థాలిచ్చే సైట్ల సంగతి కూడా ఉంది.

ముందుగా మన చిక్కు ఎక్కడుందో చూడాలి. "వర్షం వల్ల మ్యాచ్ ఆగింది" అంటాం, "వర్షం పడటం వల్ల మ్యాచ్ ఆగింది" అనీ అంటాం. మొదటి వాక్యంలో వల్లకి ముందు నామవాచకం ఉంది, రెండోదాంట్లో క్రియ నుంచి పుట్టిన మాట ఉంది. వల్ల మాత్రం మారలేదు. ఇంగ్లిష్‌లో మారి తీరాలి. "బికాజ్ ఆఫ్ ది రెయిన్" అనాలి, లేదా "బికాజ్ ఇట్ రెయిన్డ్" అనాలి. "ఆఫ్" ఉంటే వెనక నామవాచకం వస్తుంది, "ఆఫ్" లేకపోతే కర్తా క్రియా ఉన్న వాక్యం వస్తుంది. మనవాళ్ల రాతలో కనిపించే "బికాజ్ ఆఫ్ ఐ యామ్ ఇల్", "బికాజ్ ఆఫ్ రెయినింగ్" లాంటి తప్పులన్నీ ఆ మారని వల్ల నుంచే వస్తున్నాయి.

రెండో చిక్కు జంట గుర్తులది. తెలుగులో కారణం ముందొస్తుంది, మధ్యలో "కాబట్టి" నిలబడుతుంది, ఫలితం వెనకొస్తుంది. ఇంగ్లిష్‌లో వాక్యం మొదట్లోనే "యాజ్" పెట్టేశాక కూడా చెయ్యి ఊరుకోక మధ్యలో "సో" పడుతుంది: "యాజ్ ఐ వాజ్ ఇల్, సో ఐ డిడ్ నాట్ కమ్." యాజ్ ఉంటే సో తీసేయాలి. సో ఉంచుకోవాలనిపిస్తే యాజ్ తీసేయాలి. బికాజ్‌కీ సిన్స్‌కీ ఇదే నియమం.

మూడోది అన్నిటికన్నా పెద్దది, కోచింగ్ మెటీరియల్‌లో అస్సలు కనిపించనిది. బళ్లో "వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి" అని వల్లె వేశాం గానీ మన నోట కారణం ఆ ఒక్క విభక్తితోనే రాదు. చలికి వణుకుతాం, ఆకలితో అల్లాడతాం, ఎండకి సొమ్మసిల్లుతాం, భయంతో పరిగెడతాం, సరదాకి అడుగుతాం. కి, కు, తో అనే చిన్న ప్రత్యయాలు కారణాన్ని మోసేస్తాయి. ఇంగ్లిష్‌లోనూ ఈ పని చేసే చిన్న మాటలున్నాయి: విత్, ఆఫ్, ఫ్రమ్, ఫర్, అవుట్ ఆఫ్, త్రూ. ఏది ఎక్కడ వస్తుందో మాత్రం నియమంతో తేలదు, పక్కనున్న పదమే నిర్ణయిస్తుంది. చలికి వణకడం "షివర్ విత్ కోల్డ్". జబ్బుతో చనిపోవడం "డై ఆఫ్" లేదా "డై ఫ్రమ్". కుతూహలంతో అడగడం "అవుట్ ఆఫ్ క్యూరియాసిటీ". నిద్ర చాలక అలసిపోవడం "ఫ్రమ్ ల్యాక్ ఆఫ్ స్లీప్". సంతోషంతో గంతులేయడం "జంప్ ఫర్ జాయ్". వీటన్నిటికీ బికాజ్ ఆఫ్ పెట్టినా అర్థమవుతుంది, కానీ రాసినవాడికి ఆ భాషలో చనువు లేదని తెలిసిపోతుంది. డిక్షనరీకి అసలైన పరీక్ష ఇక్కడే.

వ్యాకరణం తేల్చుకోవడానికి మొదట కేంబ్రిడ్జ్ తెరవండి. పదాల అర్థాలతోపాటు ఇందులో విడిగా గ్రామర్ విభాగం ఉంది. బికాజ్, బికాజ్ ఆఫ్, మాటల్లో వాటికి కుదింపుగా వచ్చే "కజ్", "కజ్ ఆఫ్" అన్నిటినీ ఒకే పేజీలో కూర్చిపెట్టారు. ఒకటి వాక్యాలను కలిపేది, ఇంకొకటి నామవాచకం ముందు నిలబడేది అని సూటిగా చెప్పి ఉదాహరణలిచ్చారు. పైన చెప్పిన మొదటి చిక్కుకి ఇంతకన్నా శుభ్రమైన వివరణ ఉచితంగా దొరకదు. చాలా అర్థాల పక్కన ఏ1 (మొదటి మెట్టు) నుంచి సీ2 (చివరి మెట్టు) వరకు ఉండే స్థాయి గుర్తు వేస్తారు కాబట్టి, ముందు ఏవి పట్టుకోవాలో, ఏవి తర్వాత చూసుకోవచ్చో కూడా తెలుస్తుంది. కొన్ని పదాలకు తెలుగు అర్థం కూడా చూపిస్తారు.

లోపం వెతుకులాటలో ఉంది. సెర్చ్ పెట్టెలో మాట కొడితే ముందు డిక్షనరీ పేజీయే వస్తుంది, గ్రామర్ పేజీ రాదు. పైన గ్రామర్ అని ఉన్న చోట నొక్కి వెళ్లాలి. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి కేంబ్రిడ్జ్ వాడుతూ ఆ విభాగం ముఖమే చూడనివాళ్లు బోలెడంతమంది. ఫోన్‌లో అయితే ప్రకటనల మధ్య ఆ లంకె ఇంకా మరుగున పడుతుంది. బ్రౌజర్ సెర్చ్‌లో కేంబ్రిడ్జ్ గ్రామర్ అని చేర్చి, పక్కన మీకు కావాల్సిన మాట రాస్తే నేరుగా అక్కడికే చేరొచ్చు.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ పుట్టిందే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసం. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఏ.ఎస్. హార్న్‌బీ 1942లో అక్కడే దాని తొలి రూపం తెచ్చాడు, 1948లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. పరాయి భాషవాడు ఎక్కడ తడబడతాడో ఎరిగిన చెయ్యి అని ఈరోజుకీ పేజీల్లో కనిపిస్తుంది. "బికాజ్ ఆఫ్"కి విడిగా పేజీ ఉంది, అక్కడ లాంగ్వేజ్ బ్యాంక్ అనే పెట్టె తెరుచుకుంటుంది. ఒకే విషయం మీద, కారణాన్ని రకరకాలుగా చెప్పే వాక్యాలు అందులో వరసగా ఉంటాయి. "కాజ్" అనే క్రియ దగ్గరా ఇలాంటి పెట్టె ఉంది: చిన్నపిల్లల్లో ఊబకాయం అనే విషయాన్ని పట్టుకుని "కాజ్", "లీడ్ టు", "రిజల్ట్ ఇన్", "కంట్రిబ్యూట్ టు" ఒక్కొక్కటీ వాక్యంలో ఎలా కూర్చుంటుందో చూపిస్తారు. విషయం మారకుండా మాట మాత్రమే మారుతుంది కాబట్టి తేడా కంటికి ఆనుతుంది. వ్యాసాలు రాసేవాళ్లకి ఈ రెండు పెట్టెలూ బంగారమే.

"కంట్రిబ్యూట్ టు" దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అనేక కారణాల్లో ఇదొకటి అని చెప్పడానికి అది వస్తుంది. కారణం ఇదే అని నేరుగా తేల్చేటప్పుడు "కాజ్" వస్తుంది. మన వ్యాసాల్లో "మొబైల్ ఫోన్స్ కాజ్ డిప్రెషన్" అని తెగేసి రాస్తాం. ఫోనే డిప్రెషన్ తెస్తుందని తేల్చేసినట్టు అక్కడ అర్థం వస్తుంది. రాయాలనుకున్నది "మే కంట్రిబ్యూట్ టు". తెలుగులో "ఇదీ ఒక కారణమే" అంటాం కదా, సరిగ్గా ఆ "ఇదీ" అన్న దీర్ఘం చేసే పని.

"రీజన్" పేజీలో సమానార్థక పదాల పెట్టెను కూడా చూడండి. రీజన్, ఎక్స్‌ప్లనేషన్, గ్రౌండ్స్, ఎక్స్‌క్యూజ్, మోటివ్, ప్రీటెక్స్ట్ లాంటివన్నీ అక్కడ విడదీశారు. మనకి ఇవి కారణం, సంజాయిషీ, ఆధారం, సాకు, ఉద్దేశం అని మాటల్లో వేరుగానే ఉన్నా, రాసేటప్పుడు అన్నిటికీ రీజనే పడుతుంది. దానికి కలిసొచ్చే చిన్న మాటలు కూడా అక్కడే తేలతాయి: "రీజన్ ఫర్ ది డిలే", "కాజ్ ఆఫ్ ది ఫైర్". రీజన్‌కి ఫర్, కాజ్‌కి ఆఫ్. తెలుగులో రెండూ కారణమే అవడంతో "రీజన్ ఆఫ్ ది డిలే" అని రాసేస్తుంటాం. మనిషి నిర్ణయానికి ఉండేది రీజన్, అగ్నిప్రమాదానికో జబ్బుకో ఉండేది కాజ్ అని పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకో గొప్పతనం ఉంది: చిన్న మాటల్ని ఓపికగా విప్పుతుంది. "విత్" పేజీలో కిందకి వెళ్తే కారణం చెప్పే అర్థాలు విడిగా కనిపిస్తాయి. చలికి వేళ్లు కొంకర్లు పోవడాన్ని అక్కడ "నమ్ విత్ కోల్డ్" అంటారు. మన పత్రికల్లో రోజూ కనిపించే "-డంతో" వాక్యాలకి ఇంగ్లిష్ కావాలంటే వెతకాల్సింది ఈ పేజీనే. "పరీక్షలు దగ్గరపడటంతో లైబ్రరీ కిక్కిరిసింది" అన్నదానికి "విత్ ఎగ్జామ్స్ అప్రోచింగ్, ది లైబ్రరీ ఈజ్ ప్యాక్డ్" అని చక్కగా అమరుతుంది. విత్, తర్వాత నామవాచకం, తర్వాత ఐఎన్‌జీ రూపం, అంతే. కానీ "లారీ ఢీకొనడంతో ఇద్దరి మృతి" అనే శీర్షికకి విత్ పనికిరాదు. ఒక సంఘటన జరిగిపోయి, దాని పర్యవసానంగా ఇంకోటి జరిగితే ఇంగ్లిష్ పత్రికలు "ఆఫ్టర్" గానీ "యాజ్" గానీ వాడతాయి: "టూ కిల్డ్ ఆఫ్టర్ లారీ హిట్స్ బైక్." ఆఫ్టర్‌కి "తర్వాత" అనే అర్థమొక్కటే తెలిసినవాళ్లకి ఇది తట్టదు. ఆక్స్‌ఫర్డ్ ఆ పేజీలో జరిగినదాని మూలంగా అనే అర్థాన్ని కూడా చూపిస్తుంది. పత్రికల్లో అనువాదం చేసేవాళ్లకి ఈ రెండు పేజీలూ నిత్యం అక్కరకొస్తాయి.

లాంగ్‌మన్ సైట్ చూడ్డానికి సాదాగా ఉంటుంది. పనిలో మాత్రం చాలా గట్టిది. 1978 నాటి తొలి ముద్రణ నుంచీ అర్థాలన్నీ సుమారు 2,000 తేలిక పదాలతోనే చెప్పడం దీని పద్ధతి, అందుకని అర్థం చదవడానికి ఇంకో డిక్షనరీ తియ్యనక్కర్లేదు. ఎక్కువగా వాడే పదాల పక్కన ఎస్, డబ్ల్యూ అనే అక్షరాలు ఎర్రగా కనిపిస్తాయి. ఎస్1 అంటే మాట్లాడే ఇంగ్లిష్‌లో అతి తరచుగా వచ్చే మొదటి 1,000 పదాల్లో ఉందని, డబ్ల్యూ1 అంటే రాతలో అలా ఉందని అర్థం. అంకె 2 అయితే రెండో వెయ్యి, 3 అయితే మూడో వెయ్యి. బికాజ్‌కి ఎస్1, డబ్ల్యూ1 రెండూ ఉన్నాయి. బికాజ్ రాస్తే చిన్నపిల్లల ఇంగ్లిష్ అనుకుంటారేమోనని ప్రతి వాక్యంలోనూ ఓయింగ్ టు దూర్చేవాళ్లు ఆ డబ్ల్యూ1 ఒకసారి చూడాలి. పెద్ద పెద్ద రచనల్లోనూ కారణం చెప్పడానికి ముందొచ్చేది బికాజే.

లాంగ్‌మన్‌ని సరిగ్గా వాడే పద్ధతి ఒకటుంది. బికాజ్ ఆఫ్ కొట్టకండి, కారణమైన నామవాచకాన్ని గానీ ఫలితాన్ని చెప్పే క్రియను గానీ కొట్టండి. "నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది" అని రాయాలనుకుందాం. "నెగ్లిజెన్స్" తెరిచి, పక్కన ఏ మాటలు వస్తున్నాయో, కింద కార్పస్ (నిజమైన రాతల, మాటల భాండారం) ఉదాహరణల్లో వాక్యం ఎలా నడిచిందో చూడాలి. తర్వాత "యాక్సిడెంట్" తెరిచి ఏ క్రియతో జత కట్టిందో చూడాలి. అప్పుడు "ది యాక్సిడెంట్ వాజ్ కాజ్డ్ బై నెగ్లిజెన్స్" అనే సహజమైన వాక్యం దానంతటదే వస్తుంది. "యాక్సిడెంట్ హ్యాపెన్డ్ బికాజ్ ఆఫ్ నెగ్లిజెన్స్" తప్పేం కాదు గానీ, రిపోర్టులో మొదటిదే నిలుస్తుంది. చలి సంగతికి "షివర్", కుతూహలానికి "క్యూరియాసిటీ", లేమికి "ల్యాక్" తెరవండి. "ఫర్ ల్యాక్ ఆఫ్ ఎవిడెన్స్", "త్రూ ల్యాక్ ఆఫ్ ప్రాక్టీస్" లాంటి జతలు ల్యాక్ దగ్గర దొరుకుతాయి, ఫర్ దగ్గర వెతికితే అర్థాల గుట్టలో కలిసిపోతాయి. పెద్ద మాట ద్వారా చిన్న మాటను పట్టుకోవడం అన్నమాట. మూడో చిక్కుకి దీన్ని మించిన మందు లేదు.

"కాజ్" క్రియ దగ్గర లాంగ్‌మన్ ఉదాహరణలు వరసగా చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. దాని వెనక వచ్చేవి ఎక్కువగా డ్యామేజ్, డిలే, ప్రాబ్లమ్, పెయిన్, కన్సర్న్ లాంటివే. చెడుకే అలవాటుపడ్డ క్రియ అది. భాషాశాస్త్రంలో జాన్ సింక్లెయిర్, మైకేల్ స్టబ్స్ లాంటివాళ్లు పెద్ద పెద్ద వాక్య భాండారాలు గాలించి, పదాలకుండే ఇలాంటి వాసనను బయటపెట్టారు. "ది న్యూ మెథడ్ కాజ్డ్ గుడ్ రిజల్ట్స్" అని రాస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ చెవి ఒప్పుకోదు. మంచికి "బ్రాట్ అబౌట్", "లెడ్ టు", "ప్రొడ్యూస్డ్" నప్పుతాయి. నిర్మాణం కూడా గుర్తుంచుకోవాలి: "కాజ్డ్ ప్రైసెస్ టు రైజ్" అంటారు, "కాజ్డ్ దట్ ప్రైసెస్ రోజ్" అనరు.

కాలిన్స్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అందులో ఉన్న కోబిల్డ్ డిక్షనరీ కోసమే అటు వెళ్లాలి. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో అదే సింక్లెయిర్ ఆధ్వర్యంలో వచ్చిన కోబిల్డ్, పదాన్ని పూర్తి వాక్యంలో పెట్టి అర్థం చెబుతుంది. "ఫలానా మనిషి థ్యాంక్స్ టు ఇది జరిగింది అని మీరంటే..." అనే తరహాలో సాగుతుంది. ఎక్కడ వాడతారో అర్థంలోనే ఇమిడిపోతుంది. పేజీలో కోబిల్డ్, బ్రిటిష్, అమెరికన్ డిక్షనరీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉండటంతో కొత్తవాళ్లు గాభరాపడతారు. మొదట కోబిల్డ్ అని ఉన్నంతవరకే చదివి ఆగిపోవచ్చు. థ్యాంక్స్ టు మాత్రం తెలుగువాళ్లకి సులువుగా పట్టుబడే మాట. మన "పుణ్యమా అని"కి ఉన్న రెండు ముఖాలూ దానికీ ఉన్నాయి. "మీ పుణ్యమా అని ఉద్యోగం దొరికింది" అనొచ్చు, "వాడి పుణ్యమా అని రైలు తప్పిపోయింది" అనీ దెప్పొచ్చు. అందుకే ఆఫీసు మెయిల్‌లో "థ్యాంక్స్ టు యువర్ టీమ్, ది రిలీజ్ ఈజ్ డిలేడ్" అని రాస్తే తిట్టినట్టే.

డ్యూ టు మీద గొడవ తేల్చుకోవాలంటే మెరియమ్-వెబ్‌స్టర్‌కి వెళ్లాలి. డ్యూ అనేది విశేషణం కాబట్టి "ది డిలే వాజ్ డ్యూ టు ఫాగ్" అన్నట్టు ఈజ్, వాజ్ తర్వాతే రావాలనీ, వాక్యం మొదట్లో "డ్యూ టు ఫాగ్" అనకూడదనీ, అక్కడ ఓయింగ్ టు ఉండాలనీ పాత వ్యాకరణ పుస్తకాలు నేర్పాయి. మెరియమ్-వెబ్‌స్టర్ ఆ పేజీలో ఈ వాదం 18వ శతాబ్దం నాటిదని చెప్పి, ఓయింగ్ టు ఎంత శుద్ధమో డ్యూ టు అంతే శుద్ధమనీ, దాన్ని మానుకోవడానికి గట్టి కారణమేదీ లేదనీ తీర్పిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంత తెగేసి చెప్పదు. మొదట్లో ఓయింగ్ టు పెట్టడమే సరైనదని కొందరు భావిస్తారని ఒక చిన్న గమనిక పెడుతుంది. పరీక్ష రాసేవాళ్లకి ఆక్స్‌ఫర్డ్ గమనికే క్షేమం, ఎందుకంటే పేపరు దిద్దే మాస్టారు ఆ కొందరిలో ఒకరు కావచ్చు. ఉద్యోగంలో రాసేవాళ్లు డ్యూ టుని నిశ్చింతగా వాడొచ్చు. ఓయింగ్ టుని ఈజ్, వాజ్ తర్వాత పెట్టకపోవడమే మంచిది. "డ్యూ టు ది ఫ్యాక్ట్ దట్" అనే అయిదు మాటల తోరణాన్ని ఎవరు రాసినా కొట్టేసి బికాజ్ పెట్టేయొచ్చు.

డ్యూ టులో ఒక ఉచ్చు ఉంది. "ది ట్రైన్ ఈజ్ డ్యూ టు అరైవ్ ఎట్ సిక్స్" అన్నప్పుడు కారణం ఏమీ లేదు, ఆరింటికి రావాల్సి ఉందని అర్థం. టు వెనక క్రియ వస్తే వేళ, నామవాచకం వస్తే కారణం. డిక్షనరీల్లో ఈ రెండర్థాలూ విడివిడిగా ఉంటాయి కాబట్టి, పక్కపక్కన పెట్టి మనమే చూసుకోవాలి. మెరియమ్-వెబ్‌స్టర్ ప్రధాన డిక్షనరీ ఇంగ్లిష్ పుట్టుభాష అయినవాళ్ల కోసం రాసింది కాబట్టి ఉదాహరణలు తక్కువ, ఉచ్చారణ అమెరికన్ ఒక్కటే. నేర్చుకోవడానికి అది మొదటి మెట్టు కాదు, వివాదం వచ్చినప్పుడు వెళ్లాల్సిన చోటు.

డిక్షనరీ పేజీల్లో సులువుగా దొరకనివి రెండున్నాయి. ఒకటి, వ్యతిరేక వాక్యంలో బికాజ్. "హి డిడ్ నాట్ రిజైన్ బికాజ్ ఆఫ్ ది శాలరీ" అంటే ఏమిటి? జీతం బాగుంది కాబట్టి రాజీనామా చేయలేదనా, రాజీనామా చేశాడు గానీ కారణం జీతం కాదనా? రెండూ అవుతాయి. తెలుగులో ఈ గందరగోళమే రాదు: "జీతం వల్లే రాజీనామా చేయలేదు" అంటాం, "రాజీనామా చేసింది జీతం వల్ల కాదు" అంటాం. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మొదటి అర్థానికి కారణాన్ని ముందుకు తెచ్చేయాలి: "బికాజ్ ఆఫ్ ది శాలరీ, హి డిడ్ నాట్ రిజైన్." రెండో అర్థానికి వాక్యాన్ని తిప్పాలి: "ఇట్ వాజ్ నాట్ బికాజ్ ఆఫ్ ది శాలరీ దట్ హి రిజైన్డ్." ఒప్పందాలు, హెచ్ఆర్ నోటీసులు రాసేవాళ్లు నాట్, బికాజ్ ఒకే వాక్యంలో కనపడగానే ఆగి మళ్లీ చదవాలి.

రెండోది సిన్స్, యాజ్. వీటికి కాలం అర్థం కూడా ఉండటంతో "సిన్స్ హి లెఫ్ట్, వి హావ్ హ్యాడ్ నో ప్రాబ్లమ్స్" అన్నది వెళ్లినప్పటి నుంచి అనా, వెళ్లాడు కాబట్టి అనా అన్నది తేలదు. పైగా ఇవి బికాజ్‌కి మారుపేర్లు కావు. అవతలివాడికి కారణం ముందే తెలుసని అనుకున్నప్పుడు సిన్స్, యాజ్ వస్తాయి. కారణమే కొత్త కబురైతే బికాజ్ రావాలి. పరీక్షించే ఉపాయం చాలా సులువు. "వై?" అని అడిగితే జవాబు బికాజ్‌తోనే మొదలవుతుంది. "ఓన్లీ", "జస్ట్" ముందు పెట్టి చూడండి: ఓన్లీ బికాజ్ అనగలం, ఓన్లీ సిన్స్ అనలేం. తరతరాలుగా మన బళ్లలో రాయించే సెలవు చీటీ "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్..." అని మొదలవడంలో ఔచిత్యం ఉంది. అక్కడ బరువంతా సెలవు అడగడం మీద ఉంటుంది, జ్వరం దానికి నేపథ్యం. అదే చీటీలో "బీయింగ్ ఎ హాలిడే, ది బ్యాంక్ వాజ్ క్లోజ్డ్" లాంటి వాక్యం రాస్తే మాత్రం బ్యాంకే సెలవు దినం అయిపోతుంది. "యాజ్ ఇట్ వాజ్ ఎ హాలిడే" అని కర్తను నిలబెట్టాలి.

ఇక తెలుగు అర్థాలిచ్చే సైట్లు. ఆంధ్రభారతి నిఘంటు శోధన ఒకే చోట ఎన్నో నిఘంటువులను గాలిస్తుంది, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి వెళ్లాలనుకున్నప్పుడు దానికి సాటి లేదు. షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైట్‌లో బ్రౌన్ నిఘంటువు, 1991 నాటి గ్విన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు రెండూ ఉన్నాయి. మూలంగా, మూలాన, చేత, వలన అనే మాటల ఛాయలు చూడ్డానికి ఇవి ఉపయోగపడతాయి. ఇంగ్లిష్ నుంచి తెలుగుకి వచ్చేటప్పుడు మాత్రం ఇబ్బంది. ఏ కారణపు మాట కొట్టినా వల్ల, కారణంగా అనే రెండు జవాబుల దగ్గరే తిరుగుతాయి. అది ఆ నిఘంటువుల తప్పు కాదు, ఒక పదానికి ఒక పదం ఇచ్చే పద్ధతికే ఉన్న హద్దు. అర్థం పట్టుకోవడానికి అవి వాడి, వాక్యం కట్టడానికి ఆక్స్‌ఫర్డ్‌కో లాంగ్‌మన్‌కో వెళ్లాలి.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకి ఒక మాట. రైటింగ్ రెండో ప్రశ్నలో 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాలి. ఒక సమస్యకి కారణాలేమిటని అడగడం అందులో తరచుగా వచ్చేదే. చాలా చోట్ల పిల్లలకి ఓయింగ్ టు, ఆన్ అకౌంట్ ఆఫ్, ఇన్ వ్యూ ఆఫ్ లాంటివి ఇరవై దాకా జాబితా కట్టి ఇచ్చి, వాక్యానికొకటి చొప్పున దించమంటారు. ఆ పరీక్ష మార్కుల పట్టికలోనే, వాక్యాలను యాంత్రికంగా అతికించినట్టుండటం ఆరో బ్యాండ్ స్థాయి లక్షణంగా రాసి ఉంది. జాబితా కన్నా, ఆక్స్‌ఫర్డ్ కాజ్ పేజీలోని పెట్టెను నాలుగుసార్లు చేత్తో రాసుకుని, ఊబకాయం తీసేసి ట్రాఫిక్ గానీ నీటి ఎద్దడి గానీ పెట్టి అవే నిర్మాణాలు తిరగరాయడం మేలు. 250 మాటల్లో బికాజ్ రెండుసార్లు, ఒక లీడ్ టు, ఒక కంట్రిబ్యూట్ టు, విత్‌తో మొదలయ్యే వాక్యం ఒకటి ఉంటే చాలు. మిగతా చోట్ల కారణం వాక్యాల వరసలోనే తెలిసిపోతుంటే అక్కడ ఏ మాటా అక్కర్లేదు.